చామంతులకు తలంటు

మా డాబా మీద వంద చామంతి కుండీలు ఉండేవని నేను చాలామందికి చెప్పాను. ఉన్నవి పదకొండు. అందులో ఒకటి పగిలితే తాడు చుట్టాం. పూవు మాత్రం కాల్చిన ఇటుక రంగు, నడుమ పసుపు, అరచేతిలో ఇమడదు. సరే, ఇముడుతుంది.

ఆ పిలకలు నా భార్య పాతపట్నంలోని పుట్టింటి నుంచి తెచ్చుకుంది. తర్వాత అక్కడ పెరడంతా సిమెంటు చేయించారు. ఇప్పుడు అరసవల్లిలో మా డాబా మీద తప్ప ఆ రంగు ఇంకెక్కడా లేదు. ఈ పదకొండూ పోతే వాళ్ళమ్మ పెంచిన పూవు పోయినట్టే. ఆ మాట ఆవిడ ఎప్పుడూ పైకి అనదు. పొద్దున్నే కాఫీ కంటే ముందు డాబా ఎక్కుతుంది, అంతే.

నిరుడు వానాకాలంలో కింది ఆకులు మాడడం మొదలైంది. ఈనెకూ ఈనెకూ మధ్య కొలబద్ద పెట్టి గీసినట్టు గోధుమరంగు ముక్కలు, తర్వాత నలుపు. ఎండిన ఆకు రాలదు, కాండానికే వేలాడుతుంది. మచ్చ రోజురోజుకీ పైకి పాకుతోంది. నేను వ్యవసాయ శాఖలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఎండదెబ్బ అని తేల్చేశాను. అక్కడ నేను చేసింది టైపు. వానల్లో ఎండదెబ్బేమిటని ఆవిడ అడిగితే, ‘లోపలి ఎండ’ అన్నాను.

ఆవిడ నన్ను నమ్మలేదు. రోడ్డు మీద నర్సరీ నడిపే స్నేహితురాలిని పిలుచుకొచ్చింది. ఆ నర్సరీ ఆవిడ నా భార్యని అప్పా అంటుంది, ఆ వరసన నేను బావని.

“బావా, గాజు గ్లాసుతో నీళ్ళు తే. నీ సదువుకునే భూతద్దం కూడా తే.”

మచ్చల ఆకును చింపి గ్లాసులో వేసి, ఇద్దరూ ఉప్మా తిని, టీ తాగి, ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ముగించారు. అప్పుడు భూతద్దం పెట్టి చూస్తే, గ్లాసు అడుగున సన్నటి దారప్పోగులు మెలికలు తిరుగుతున్నాయి. టీకొట్టులో చెప్పేటప్పుడు నేను వాటిని వానపాములంత చేశాను. నిజానికి అద్దం లేకపోతే నాకు గ్లాసే సరిగా కనపడదు.

“నులిపురుగప్పా. ఆకులోపలే కాపరం. ఆకు తడిగుంటే ఆ తడిలో ఈదుకుంటా పైకెక్కుతాది. నీళ్ళు సిమ్మితే పక్క మొక్కకి ఎళ్తాది. ఆకు పొడిగుంటే దాని ఆటలు సాగవు. ఎవులు పోస్తన్నారు నీళ్ళు?”

“నానే. సెంబుతో మొక్క మొదట్లోనే పోస్తాను. మాయమ్మ అలాగే పోసీది.”

“మరి వాన?”

“పైన రేకున్నాది కదేటి. సినుకు పడదు.”

“మరి తడెక్కడిది?”

“మంచు,” అన్నాను.

“శ్రావణంలో మంచేటి బావా!”

నర్సరీ ఆవిడ కుండీలన్నీ తిప్పి చూసి ఏడింటిని పక్కకు పెట్టింది, కాల్చడానికి. నాలుగు బాగున్నాయి. వాటి వైపు చూస్తూ తల అడ్డంగా ఊపింది.

“తడెక్కడిదో తేలకపోతే ఇవి ఉంచి లాభం లేదప్పా. నెల తిరక్కుండా ఇవీ ఇంతే. ఇవి కూడా కాల్చీ. నాను వేరే రంగు ఇస్తాను.”

నా భార్య నాలుగింటిలో చిన్న కుండీని తన వైపు జరుపుకుంది.

“నానే,” అన్నాను.

“ఏటి నువ్వే?”

“సాయంత్రం నువ్వు గుడికెళ్ళగానే పైపు పెట్టి తలంటు పోస్తన్నాను.”

నెత్తిన నీళ్ళు పడకపోతే మనిషికైనా స్నానం చేసినట్టుండదు. మొదట్లో చెంబుడు పోస్తే కాళ్ళు కడిగినట్టే అని నా సిద్ధాంతం. పైగా కొత్త పైపుకి తుపాకీలాంటి మూతి ఉంది. నొక్కితే తుంపర. ఆకులు నిగనిగలాడుతుంటే నా చేతి చలవే అనుకునేవాణ్ణి.

“రోజూనా?” అంది నా భార్య.

“ఆదివారం రెండుసార్లు. గుడి దగ్గర రద్దీ కదా, నువ్వు ఆలీసంగా వస్తావు.”

నర్సరీ ఆవిడ గోడ పట్టుకుని నవ్వింది. నా భార్య నవ్వకూడదని చాలా ప్రయత్నించింది.

“నీకు తలంటు పోస్తానంటే వీధిలోకి పరిగెడతావు. మొక్కలకి రోజూ పోస్తన్నావేటి!” అని, తర్వాత తనూ ఆపుకోలేకపోయింది.

ఏడు మొక్కలనీ పీకి నూనె డబ్బాలో కాల్చాం. ఆ మట్టి మళ్ళీ వాడలేదు. మిగిలిన నాలుగింటినీ ఆకూ ఆకూ తగలకుండా దూరదూరంగా పెట్టి, కింద అనుమానం వచ్చిన ప్రతి ఆకునూ తుంచాం. నీళ్ళు మొదట్లోనే. చలికాలంలో నాలుగూ విరగబూశాయి. విరగబూయడం అంటే మూడు. నాలుగోది రెండు పూలతో సరిపెట్టింది.

పూత అయ్యాక నా భార్య అన్నగారు పాతపట్నం నుంచి వచ్చి పిలక అడిగాడు. ఆవిడ ఆయన చేతికి చెంబు ఇచ్చింది.

“ముందు పోసి సూపించన్నా.”

ఆయన నిలబడే పోశాడు. నీళ్ళు ఆకుల మీద చిందాయి.

“వంగు.”

“నడుం నొప్పే సెల్లీ.”

“ఐతే పిలక లేదు.”

ఆయన పీట వేసుకు కూర్చుని పోశాడు. నేను కల్పించుకుని, “బావా, ఈ పురుగు సంగతి నాకు తెలిసినట్టు ఎవులికీ తెలీదు,” అన్నాను.

“తెలీకేం. నువ్వే కదా పెంచావు,” అంది ఆవిడ.

ఆయన పిలక నాటిన కుండీని ఒళ్ళో పెట్టుకుని బస్సులో తీసుకెళ్ళాడు. కొన్నాళ్ళకి వీడియో కాల్ చేసి, సిమెంటు పెరట్లో తొట్టె చూపించాడు. అడుగు నుంచి చివరి దాకా పచ్చగా ఉంది. నా భార్య కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో ఆకూ చూసింది.

“అన్నా, కుడేపు ఆకు మెరుస్తన్నాది. తడిపావేటి?”

“తడి కాదే, నూనె చేత్తో ముట్టుకున్నాను. గారెలు తింటన్నాను.”

“తుడు.”

ఆయన పంచె కొంగుతో తుడిచేదాకా ఆవిడ ఫోను పెట్టలేదు.