తువ్వాల కింద వేళ్లు

దయ్యాలనూ భూతాలనూ నేను ఏనాడూ నమ్మలేదు. దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి. తక్కెడ ముల్లు సూటిగా నిలిచినా, పళ్లెం అడుగున చింతపండు ముద్ద అంటించారేమో తడిమి చూడమని మా నాయిన నేర్పాడు. కళ్లకంటే చేతినే ఎక్కువ నమ్మాను. నా చిక్కంతా అక్కడే.

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో, నా భార్య గాజులు కుదువపెట్టి మిలిటరీవాళ్లు వదిలించుకున్న పాత లారీ కొన్నాను. గొప్ప బేరం చేశాననుకున్నాను. ఎండాకాలం దాని క్యాబిన్‌లో కూర్చుంటే ఇంజను వేడికి తొడలు ఉడికిపోయేవి. డ్రైవరు యాదయ్య రెండుసార్లు వడదెబ్బకు పడిపోయాడు. దాంతో బ్యాటరీ మీద తిరిగే చిన్న పంకా పెట్టించాను. చల్లగాలికి ఆశపడ్డందుకు మంచి శాస్తే జరిగింది.

ముందు పంకా ఆగేది. తర్వాత హారన్ మూగబోయేది. ఆ తర్వాత బండి స్టార్టే అయ్యేది కాదు. నల్లగొండలో మస్తాన్ భాయి అనే మెకానిక్ బ్యాటరీ మార్చాడు. నెలకే మళ్లీ అదే రోగం. డైనమో విప్పి కొత్త తీగ చుట్టించాడు. మళ్లీ అదే. ప్రతిసారీ డబ్బు నాది, "ఇగ ఫికర్ లేదు" అనే మాట ఆయనది.

మస్తాన్ భాయి ధర నోటితో చెప్పడు. పక్క గిరాకీలు వింటారని, పశువుల అంగడిలో లాగా తువ్వాల కింద వేళ్లతోనే బేరం. ఎదుటివాడి వేళ్లు ఎన్ని పట్టుకుంటే అన్ని పదులు. ఆయన కుడిచేతికి చిటికెన వేలు, ఉంగరపు వేలు లేవు. నేను ఎరగకముందే ఏదో ఇంజను బెల్టులో పోయాయట. మూడు వేళ్ల చేతికి ముప్పై కంటే ఎక్కువ ఎట్లా ఇస్తానని యాదయ్యతో చెప్పి నవ్వేవాణ్ణి. అంత మంచివాణ్ణి నేను.

ఆ రోజు కొల్లాపూర్ నుంచి ఆముదాల బస్తాలతో ఆలేరు పోతున్నాం. సాయంత్రంలోగా రైలు డబ్బాలోకి సరుకు ఎక్కకపోతే ఇకమీదట లోడ్లు ఇవ్వనని వ్యాపారి ముందే చెప్పాడు. లోడ్లు లేకపోతే గాజులు పోయినట్టే. మిట్టమధ్యాహ్నం నల్లగొండలో పంకా ఆగింది. చాయ కోసం ఆపిన బండి మళ్లీ లేవలేదు. మస్తాన్ భాయి షెడ్డుదాకా తోసుకుపోయాం.

"రెండుసార్లు ముంచినవ్ భాయి. ఇప్పుడేం మారుస్తవ్? నన్నా?" అని అరిచాను.

"నిన్ను మార్చే సామాను నా తాన లేదు సేట్," అన్నాడాయన, బానెట్ కింది నుంచి తల ఎత్తకుండా. "పంకా పెట్టినోడు పాత వైరు అతికిండు. అంత పీకి కొత్తది గుంజాలె."

"ఇన్ని దినాలు కండ్లు ఏడ పెట్టుకున్నవ్?"

షెడ్డులో అందరూ మావైపే చూస్తున్నారు. ఆయన వచ్చి మా కుడిచేతుల మీద తువ్వాల కప్పి, నా ఐదు వేళ్లూ పట్టి నొక్కాడు. యాభై! ఒళ్లు మండిపోయింది. ఇరవైకి పైసా ఎక్కువ ఇవ్వనని ఆయన వేళ్లు రెండు పట్టుకున్నాను.

చేతికి దొరికినవి చిటికెన వేలు, ఉంగరపు వేలు.

కోపంలో వెంటనే తెలియలేదు. బొటనవేలితో పక్కకు తడిమితే ఇంకో మూడు తగిలాయి. చిల్లర చూసుకున్నట్టు రెండోసారి లెక్కపెట్టాను. ఐదు. నా పిడికిట్లోని రెండూ వెచ్చగా, గ్రీజు జిడ్డుతో, గోళ్లతో సహా ఉన్నాయి. మెల్లగా వంగి నా చేతిని పట్టుకున్నాయి.

తువ్వాల లాగేశాను. పట్టపగలు, అంతమంది ముందు. నా పిడికిట్లో ఏమీ లేదు. దాని పక్కన మూడు వేళ్ల చెయ్యి.

మస్తాన్ భాయి కొట్లాట మరిచిపోయాడు. ఆ చేతినే చూసుకుంటూ, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "సేట్, జర మళ్లా పట్టు."

నేను పట్టలేదు. "ఏం ఆటలాడుతున్నవా?" అని గద్దించి, యాభై ఆయన ముందు పడేశాను. కోపంతో పడేశాననుకున్నాడు యాదయ్య. ఇంకా బేరమాడాలంటే మళ్లీ చెయ్యి పెట్టాలి, అదీ సంగతి.

గంటన్నరలో వైరు గుంజాడు. సరుకు వేళకే ఆలేరు చేరింది. కొన్నాళ్లకు గాజులూ విడిపించాను.

ఆ తర్వాత ఎప్పుడు పోయినా ఆయన ధర నోటితోనే చెప్పేవాడు. చెప్పాక కూడా చేతి మీద తువ్వాల కప్పుకుని కాసేపు నిలబడేవాడు. అడిగినంతా ఇచ్చేసి వచ్చేవాణ్ణి. ఒక్కసారి పట్టుకుంటే నా సొమ్మేం పోయేది? ఆ కోపం ఇప్పటికీ నా మీదే.

ఎండకు నా బుద్ధి చెదిరి లెక్క తప్పిందని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. సరే, నాకు తప్పింది. మరి ఆయన "మళ్లా" అని ఎందుకన్నాడో ఈ రోజుకీ నాకు అంతుపట్టలేదు.