రెండు టైర్లూ ఒక చిన్న చప్పుడూ

పగలంతా ఆయన అద్దాల అంచులు అరగదీస్తాడు. వీధి మలుపులో మూడు మెట్లెక్కితే ఆయన కళ్ళద్దాల దుకాణం. లోపల గోడ మీద అక్షరాల పలక ఉంటుంది. పై వరసలో అక్షరాలు పిడికిలంత, కిందికి వచ్చేకొద్దీ చీమలంత. చూపు చూపించుకోవడానికి వచ్చేవాళ్ళలో చాలామంది అబద్ధమాడతారని ఆయనకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. కనిపించని వరసని కనిపించినట్టే గడగడా చదివేస్తారు. "మీరు చదివింది నా పలకని కాదండీ, మీ ఆశని," అని నవ్వి, అద్దం మార్చి, మళ్ళీ మొదటి వరస నుంచి మొదలుపెట్టిస్తాడు.

అలాంటి మనిషికి యాభై దాటాక స్పోర్ట్స్ బైకు మీద మనసైంది. ఎవరో కొన్నాళ్ళు వాడి అమ్మేసిన నీలిరంగు బండి. నిలబెట్టి ఉన్నప్పుడు కూడా అది ఎటో వెళుతున్నట్టే ఉంటుంది, నిద్రలో పరిగెత్తే పిల్లిలాగా. వెనక సీటు ఎత్తుగా, అరచెయ్యంత వెడల్పుగా ఉంటుంది. ఆయన భార్య మొదటిసారి దానిమీదికి ఎక్కి, "ఇది సీటు కాదండీ, అటక. పాత సామానుతో పాటు నన్నూ పైకెక్కించారు," అంది. అన్నదేగానీ దిగలేదు.

ఆవిడ తువ్వాళ్ళ మిల్లులో పనిచేస్తుంది. నేసిన బట్ట ఎదురుగా సాగిపోతుంటే దానిమీద వేళ్ళు నడిపించి, కంటికి చిక్కని తప్పులు పట్టుకోవడం ఆవిడ పని. పోగు తప్పినచోట వేలి చివర చిన్నగా పొలమారినట్టు ఉంటుందట. రోజూ పొద్దున్న ఆరున్నరకి ఆయన ఆవిణ్ణి మిల్లు గేటు ముందు దింపి, వెనక్కి వచ్చి దుకాణం తెరిచేవాడు. పోను నాలుగు కిలోమీటర్లు, రాను నాలుగు.

ఆ నాలుగు కిలోమీటర్లలో మాటలు కుదరవు. గాలి వాటిని నోట్లోంచే ఎత్తుకుపోతుంది. కానీ ఆయన బ్రేకు నొక్కినప్పుడు ఆవిడ హెల్మెట్ వచ్చి ఆయన హెల్మెట్‌కి తగిలేది. టక్. ఆ చప్పుడే నెమ్మదిగా వాళ్ళ భాష అయింది. ఒకసారి తగిలితే 'ఉన్నాను' అని. వెంటవెంటనే రెండుసార్లు తగిలితే 'మెల్లగా' అని. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. పొగమంచులోంచి దీపస్తంభాలు ఒక్కొక్కటే దగ్గరికొచ్చి వెళ్ళిపోతుంటే, తల వెనక ఆ చిన్న టక్కు వినిపించడం ఆయనకు రోజు మొదలవడం.

రెండు నెలల కిందట అది ఆగిపోయింది.

వాన వెలిసిన పొద్దు. మిల్లుకి ముందొచ్చే పెద్ద మలుపులో వెనక చక్రం పక్కకి జారింది. బండి పడబోయి నిలదొక్కుకుంది. అటక మీది మనిషి మాత్రం దొర్లి పక్కనున్న గడ్డిలో పడింది. మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. మర్నాటి నుంచి ఆవిడ బస్సెక్కింది.

"రోడ్డు మీద తెల్లగీత తడిసి ఉందే, అందుకే జారింది," అన్నాడాయన ఆ సాయంత్రం.

"ఊఁ," అందావిడ.

తర్వాత చాలాసార్లు చెప్పాడు. ప్రతిసారీ ఆవిడ 'ఊఁ' అనే అంది. ఆ 'ఊఁ'లో ఎక్కడో పోగు తప్పినట్టు ఆయనకి అనిపించేది. చివరికి, "రెండు టైర్లూ మార్పించేస్తాను, అప్పుడైనా ఎక్కుతావా?" అని అడిగాడు.

"కొనేటప్పుడు నేనూ వస్తా. ఎక్కేదీ మానేదీ అక్కడే తేలుద్దాం."

టైర్ల దుకాణం లోపలికి వెళితే చల్లటి నలుపు. నేల నుంచి కప్పు దాకా టైర్లు వలయాలుగా పేర్చి ఉన్నాయి, ఎవరో రాత్రుళ్ళన్నీ మడిచి దాచినట్టు. కొత్త రబ్బరు వాసన. దుకాణదారు అరవై ఏళ్ళ మనిషి, చేతి గీతల్లో మసి ఇంకిపోయి జాతకం ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తుంది. ఆయనకో పట్టింపు ఉంది. పాత టైరు చూడనిదే కొత్తది చూపించడు.

కళ్ళద్దాలాయన మాత్రం గోడకి వేలాడుతున్న ఒక టైరు దగ్గర అప్పటికే ఆగిపోయాడు. దానిమీద గాడులు చాలా తక్కువ. నున్నగా, మెరుస్తూ, పోటీల్లో వాడేవాటి బాపతు.

"ఇది కావాలండీ. మలుపుల్లో అతుక్కుపోతుందట కదా."

"అతుక్కుంటుంది సార్, అబద్ధమెందుకు. కానీ దీనికి నిద్రెక్కువ. ఒళ్ళు బాగా కాగితేగానీ మేలుకోదు. రోజూ ఎంత దూరం తిప్పుతారు?"

"పొద్దున్న నాలుగు, మళ్ళీ నాలుగు."

"ఇంకేం! ఇది కళ్ళు నులుముకునేసరికి మీరు దుకాణంలో ఉంటారు. అమ్మగారు పనిలో ఉంటారు. ఇదొక్కటీ కలలో ఉంటుంది."

ఆవిడ నవ్వు ఆపుకుంది. ఆయన ముఖం చిన్నబోయింది. "దూరం కాదండీ ముఖ్యం. నేను మలుపుల్లో బండిని బాగా పడుకోబెడతాను. కావాలంటే అంచులు చూడండి, ఎలా అరిగాయో."

దుకాణదారు వంగి, గుమ్మంలో స్టాండు వేసిన బండి వెనక చక్రాన్ని మెల్లగా తిప్పాడు. టైరు నడుము బల్లపరుపుగా అరిగిపోయి, గాడులు గోరంత లోతు కూడా లేవు. తిన్నని దారిలో, వెనక మనిషి బరువుతో తిరిగిన టైరు అలాగే అరుగుతుంది. అంచులు కూడా అరిగే ఉన్నాయి. దుకాణదారు ఆ అంచుల వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, కప్పుకేసి చూశాడు.

"ఏమైందన్నయ్యా?" అందావిడ.

"ఏం లేదమ్మా. టైరన్నాక రకరకాలుగా అరుగుతుంది."

ఆవిడ కొంగు నడుముకి దోపి, చక్రం పక్కన గొంతుక్కూర్చుంది. కళ్ళు మూసుకుని టైరు అంచు మీద వేళ్ళు పెట్టింది. వేళ్ళు కొంత దూరం నడిచాయి. ఆగాయి. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచాయి. దుకాణం బయట ఎక్కడో ఒక సైకిలు బెల్లు మోగి ఆగిపోయింది.

"ఇది రోడ్డు చేసిన పని కాదు," అంది కళ్ళు తెరవకుండానే. "రోడ్డయితే ఒకే వైపు గీస్తుంది. ఇది గుండ్రంగా ఉంది. చిన్న చుట్టు, చుట్టు చివర కాస్త తేలిక. రోజూ సాయంత్రం బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుని అద్దాల అంచులు రుద్దుతారే, అదే చెయ్యి. అవునా?"

ఆయన తలూపి, జరిగింది చెప్పడం మొదలుపెట్టాడు.

ఆదివారాలు పొద్దున్నే వంతెన పక్కన టీ బండి దగ్గరికి ఇలాంటి బైకుల కుర్రాళ్ళు చేరతారు. ఒకరి టైరు అంచులు ఒకరు చూసుకుంటారు. బండిని ఎంత వంచితే అంచు అంత అరుగుతుంది. వంచనివాడి టైరుకి రెండు పక్కలా కొత్త నలుపు పట్టీలా మిగిలిపోతుంది. "అంకుల్, మీ అంచులకింకా షాపు వాసనే పోలేదు," అన్నాడొకడు. అందరూ నవ్వారు, ఈయనా నవ్వాడు. ఇంటికెళ్ళి గరుకు కాయితం తీసుకుని, పెరట్లో బండి పక్కన కూర్చుని, మధ్యాహ్నమంతా రెండు అంచులూ రుద్దాడు. చాలా శ్రద్ధగా, చాలా సంతోషంగా రుద్దాడు.

"వాన రోజుకి ముందా, తర్వాతా?" అందావిడ.

"ముందే. మూడు రోజుల ముందు."

"మరి తెల్లగీత?"

"ఉంది. తడిసే ఉంది. కానీ ఆవేళ నేనెప్పుడూ వంచనంత వంచాను. అంచులు అరిగాయి కదా, వంచగలననిపించింది."

"అరగదీసింది మీరేగా!"

"నేనే. అయినా అనిపించింది."

ఆవిడ లేచి నిలబడింది. "ఆవేళ నేను రెండుసార్లు కొట్టాను."

"వినబడింది," అన్నాడాయన. ఆ మాట చాలా చిన్నగా వచ్చింది.

దుకాణదారు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు, అవసరం లేకపోయినా. "గరుకు కాయితం బాపతు వాళ్ళు నా దగ్గరికి నెలకొకరైనా వస్తారమ్మా. కాకపోతే ఇంత నీటుగా రుద్దినాయన్ని ఇదే చూడ్డం. పనితనం ఉంది."

"ఆ పనితనమే నా మోచేతి మీద మచ్చయింది అన్నయ్యా," అంది. కానీ గొంతులో ఇందాకటి గట్టిదనం లేదు. రెండు నెలలుగా వేలికి తగులుతూ కనబడని తప్పు ఇప్పుడు దొరికింది. దొరికిన తప్పుతో ఏం చెయ్యాలో ఆవిడకి తెలుసు. దొరకని తప్పే ఆవిణ్ణి బస్సెక్కించింది.

కళ్ళద్దాలాయన మెరిసే టైరు దగ్గర్నుంచి ఇవతలికొచ్చాడు. "మళ్ళీ మొదటి వరస నుంచి చదువుతానండీ," అన్నాడు. దుకాణదారుకి ఆ మాట అర్థం కాలేదు. ఆవిడకి అయింది. "పొద్దున్నే చల్లటి రోడ్డు. వానల్లో కూడా తప్పదు. వెనక మనిషి ఉంటుంది. నేను పెద్దగా వంచను. వంచితే నాకే భయం. దీనికేం వేస్తారు?"

"ఇప్పుడు చెప్పారు సార్!" దుకాణదారు లోపలి వరస నుంచి ఒక టైరు దొర్లించుకుంటూ తెచ్చాడు. దాని గాడులు లోతుగా, ఆకు ఈనెల్లా నడుము నుంచి పక్కలకి దిగుతున్నాయి. "దీని నడుము గట్టిది, తిన్నగా ఎంత తిప్పినా తొందరగా అరగదు. పక్కలు మెత్తన. నీళ్ళని ఈ గాడులు బయటికి తోసేస్తాయి. మొదటి కిలోమీటరు నుంచే మేలుకుని ఉంటుంది. ముందుదీ వెనకదీ ఒకే జత వేద్దాం, ఒకటి పాతా ఒకటి కొత్తా అయితే రెండూ చెరో మాట చెబుతాయి." పక్కన అచ్చుపడిన నాలుగంకెల మీద వేలు పెట్టాడు. "మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. దీనికింకా నాలుగో నెల."

ఆవిడ ఆ టైరు మీద కూడా వేళ్ళు నడిపింది. "జారుతోందే?"

"పురిటి నునుపమ్మా. వంద కిలోమీటర్లు ఆయన్నొక్కణ్ణే మెత్తగా తిప్పమనండి, అది పోతుంది. ఆ తర్వాతే మీరు."

"ఆ వందా నేను లెక్కపెడతా," అంది. ఆవేళ ఇంటికి కూడా బస్సులోనే వెళ్ళింది.

తర్వాతి పన్నెండు పొద్దులూ ఒకే పొద్దు పన్నెండుసార్లు వచ్చినట్టు గడిచాయి. ఆవిడ ఆరున్నర బస్సులో చివరి సీట్లో కూర్చునేది. ఆయన ఖాళీ అటకతో బస్సు వెనకే వచ్చేవాడు. వెనక అద్దం మీద మంచు పడితే ఆవిడ అరచేత్తో తుడిచేది. ఆ తుడిచిన గుండ్రంలో నీలిరంగు చుక్క ఒకటి, నీళ్ళ అడుగున చేపలా ఊగుతూ కనిపించేది. పెద్ద మలుపు దగ్గర ఆ చుక్క కొంచెమే వంగి, మళ్ళీ లేచేది. ఆవిడ చూసేది ఆ కాస్త వంపునే. సాయంత్రం మిల్లు నుంచి తెచ్చిన తువ్వాలు ముక్కతో మీటరు తుడిచి, "ఇంకా డెబ్బై ఆరు," అనేది. మరోనాడు, "ఇంకా ముప్పై ఆరు." తర్వాత వెనక టైరు మీద వేళ్ళు ఆనించేది. నునుపు నడుము దగ్గర ముందు పోయింది, తర్వాత కాస్త పక్కలకి. అంచుల మీద కొత్త నలుపు అలాగే ఉంది.

మధ్యలో ఆదివారం మిల్లు నుంచి తిరిగొస్తూ వంతెన దగ్గర ఆగితే ఆ కుర్రాడే అన్నాడు, "అంకుల్, టైర్లు బాగున్నాయి గానీ అంచులు మళ్ళీ మొదటికొచ్చాయే!"

"వచ్చాయి బాబూ. ఇకక్కడే ఉంటాయి," అన్నాడాయన, టీ ఊదుకుంటూ.

పదమూడో పొద్దున వాన వెలిసి ఉంది. ఆయన గేటు తీసి బండి బయటికి తెచ్చేసరికి ఆవిడ హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఉంది. లోపలి నుంచి మాట గిన్నెలో పలికినట్టు వచ్చింది. "నిన్నటికి తొంభై ఆరే అయింది. మిగతా నాలుగూ నా బరువు మీద తీసుకుంటా. వంగండి, అటకెక్కాలి."

రోడ్డు తడిసి, దీపస్తంభాల వెలుగుని లోపలికి తాగుతోంది. కొత్త టైర్ల గాడుల్లో నీళ్ళు సన్నగా ఈల వేస్తున్నాయి. ఆరున్నర బస్సు ముందు వెళుతోంది, దాని చివరి సీటు ఖాళీగా ఉంది. పెద్ద మలుపు వచ్చింది. తెల్లగీత అక్కడే ఉంది, తడిసే ఉంది. ఆయన ముందుగానే బ్రేకు మీద వేళ్ళు ఆనించాడు.

టక్.

ఆయన రెండోది కోసం చెవి ఒగ్గాడు. మలుపు మొదలైంది, సగమైంది, అయిపోయింది. రెండోది రాలేదు.