సప్పుడు జెయ్యవేంది సామి

లేత్ మామ పోయాడన్న కబురు నేను గుడి తలుపు తీస్తుండగా వచ్చింది. పాలు తెచ్చే ఆయన సైకిల్ దిగకుండానే చెప్పాడు, "అయ్యగారు, ఉప్పల్ల లేత్ మామ పొద్దుగాల్ల పోయిండంట."  ముందు రోజు మధ్యాహ్నమే ఆయన మంచం పక్కన కూర్చుని వచ్చాను. పోతాడని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అందుకే ఇది ఏడుస్తూ రాస్తున్నది కాదు. ఒళ్లు మండి రాస్తున్నాను. ఆ మంటలో సగం నా మీదే.

నాచారం ఫ్యాక్టరీల్లో లేత్ మిషన్ మీద బతుకంతా పనిచేసిన మనిషి. జనగామ వైపు నుంచి వచ్చాడు. నేను గోదావరి జిల్లా నుంచి వచ్చి ఈ కాలనీ రామాలయంలో అర్చకుడిగా చేరిన కొత్తలో గుడిగంట బొంగురుగా మోగేది. ఒకరోజు ఆయన కింద నిలబడి చెవి ఒగ్గి విని, "దీని నాలుక అరిగింది అయ్యగారు" అన్నాడు. వారం తిరక్కుండా ఇనుప కడ్డీని తన లేత్ మీద కోసి, కొత్త నాలుక చేసి తెచ్చి బిగించాడు. మిషన్‌కు ఏం జబ్బు చేసిందో సప్పుడును బట్టి చెప్పేస్తానని గర్వంగా అనేవాడు.

శనివారం సాయంత్రాలు మంటపంలో కూర్చుని పద్యాలు చెప్పేవాడు. ఛందస్సు లేదు, ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. రాముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టడమే. ప్రతి పద్యం చివరా ఒకటే మకుటం: "సప్పుడు జెయ్యవేంది సామి". మొదటిసారి విని నేను నవ్వాను. మా వైపు చప్పుడంటే గిన్నె పడ్డ చప్పుడే. దేవుణ్ణి చప్పుడు చేయమనడం ఏమిటన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "పిలిస్తె పలుకకుంటె ఏమంటరు మీ దిక్కు? మా దిక్కు సప్పుడు జేస్తలేడంటరు."

ఊపిరి జబ్బు ముదిరి, దవాఖానా వాళ్లు ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నాక, మధ్యాహ్నం గుడి మూసి స్కూటర్ మీద ఉప్పల్ వెళ్లేవాణ్ణి. ఆయన చెప్పేవాడు, నేను నోటుబుక్కులో రాసేవాణ్ణి. రెండు మాటలకొకసారి ఊపిరి అందేది కాదు. వాళ్ల ఆవిడ వీపు రాస్తూ కూర్చునేది. ఒకరోజు నేను తెలివి ఉపయోగించి చివరి పాదం "పలుకవేల స్వామీ" అని రాసి చదివి వినిపించాను. మంచం మీంచి లేవలేని మనిషి మోచేతి మీద లేచాడు.

"గిదెవ్వల మాట అయ్యగారు?"

"అదే అర్థమండీ. కాస్త వినసొంపుగా ఉంటుందని..."

"సచ్చేటప్పుడు గూడ ఇంకొకల్ల నోటితోని మాట్లాడాల్నా నేను?"

సిగ్గుతో ఆ పాదం కొట్టేసి, పక్కనే ఆయన మాట రాశాను. అప్పుడు చల్లబడ్డాడు. "ఆ రాముడెట్లాగు సప్పుడు జెయ్యడు. నేను పోయినంక మీరన్న జెయ్యుండ్రి. గీ ఆఖరిది ఆయన ముందల నిలవడి సదువుండ్రి, నేనెట్ల అన్ననో గట్లనే." సరేనన్నాను. చేతిలో చెయ్యి వేసి మరీ అన్నాను.

ఆ పద్యం ఇది:

మిషిని ఆగితె నేను ఉరికొస్తుంటి
నా దమ్ము ఆగవట్టె, నువ్వు కదలకపోతివి
పట్టుపంచె నలుగుతదనా, నిద్ర వట్టిందా
సప్పుడు జెయ్యవేంది సామి

కర్మలైన మర్నాడు గుడి పక్క హాల్లో కమిటీవాళ్లు సంతాపసభ పెట్టారు. సెక్రటరీ గారు నోటుబుక్కు అడిగితే, బుద్ధి గడ్డితిని ఇచ్చాను. కరపత్రం అచ్చయి వచ్చింది. పట్టుపంచె లేదు. నిద్ర లేదు. ఆ పాదం ఉండాల్సిన చోట "నీ కరుణయే చాలు నాకు" అని ఉంది. చివర, నేను కొట్టేసిన మాటనే ఏరుకుని, "పలుకవేల స్వామీ" అని వేశారు. ఊపిరాడక దేవుణ్ణి నిలదీసిన మనిషి చేత థాంక్స్ చెప్పించారు! ఎవరిచ్చారు వీళ్లకు ఆ హక్కు?

"దేవుణ్ణి పట్టుకుని ఏంది గీంది అంటే నలుగురూ నవ్వుతారండీ. పోయినాయన పరువు కోసమే కాస్త సరిదిద్దాం" అన్నారు సెక్రటరీ గారు నా చెవిలో. ఆయనా మా వైపాయనే. మైకు ముందు రాగం తీసి చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి మామ వాళ్ల ఆవిడ లేచింది.

"గిది మా ఆయనది గాదు" అంది.  కరపత్రం కుర్చీలో పెట్టి వెళ్లిపోయింది.

నేను వేదిక మీదే ఉన్నాను. మెడలో శాలువా కూడా ఉంది. రోజూ నోరు తెరిచి మంత్రాలు చెప్పే నేను, ఒక్క మాట చెప్పాల్సిన చోట సప్పుడు చేయలేదు. రాముడంటే రాయి. నాకేం వచ్చింది?

 మర్నాడు ఆవిడకు ఫోన్ చేసి సాయంత్రం హారతికి రమ్మన్నాను. "ఏడాది దాంక గుడి మెట్లెక్కొద్దు గద అయ్యగారు" అంది. గేటు దాకా రండి, చాలు అన్నాను.

హారతి వేళకు సెక్రటరీ గారు ముందు వరసలో కళ్లు మూసుకుని నిలబడ్డారు. నేను మైకు పెట్టాను. స్వామి వైపు తిరిగి మొదటి పాదం మొదలుపెట్టగానే సెక్రటరీ గారు కళ్లు తెరిచారు. "పంతులుగారూ, ఏమిటిది?" అన్నారు. నేను ఆగలేదు. పట్టుపంచె అన్నాను. నిద్ర వట్టిందా అన్నాను. చివరి పాదంలో నా గోదావరి నాలుక పాడుగాను, "చప్పుడు" అనేసింది. ఆపి, మళ్లీ చెప్పాను. సప్పుడు. సప్పుడు జెయ్యవేంది సామి.

మామ బిగించిన నాలుకతోనే గంట మోగింది. సెక్రటరీ గారు హారతి తీసుకోకుండా వెళ్లిపోయారు. నేను పళ్లెం పట్టుకుని మెట్లు దిగి గేటు దాకా నడిచాను. ఆవిడ కమ్మీల మధ్యలోంచి చేతులు చాచి హారతి కళ్లకద్దుకుంది.

"ఇనవడ్డది అయ్యగారు" అంది.

కళ్ల మీద పెట్టుకున్న చేతులు చాలాసేపు తియ్యలేదు. పళ్లెంలో కర్పూరం ఆరిపోయేదాకా నేనూ అక్కడే నిలబడ్డాను.