వదలని బటన్

బోధన్‌లో మా పాప మెర్సీ బడి పిల్లలు ఆ రోజు హ్యామ్ రేడియోలో వ్యోమగామితో మాట్లాడాలి. అంతరిక్ష కేంద్రం మన మీదుగా దాటే కొద్ది నిమిషాలే సమయం. మెర్సీ ప్రశ్న అడిగి "ఓవర్" అంది. జవాబు రాలేదు.

"బటన్ ఇడువు బిడ్డా. ఒత్తి పట్టుకుంటే ఆయన మాట మనకు రాదు," అన్నాడు రేడియో నడిపే అన్న.

మెర్సీ మాతో వచ్చిన మా అత్తమ్మ వైపు చూసింది. ఇంట్లో టీవీ రిమోట్ చేతికిచ్చి, "బటన్ గట్టిగ ఒత్తి పట్టుకో, ఇడువకు," అని నేర్పింది ఆమే. అత్తమ్మ తలూపాకే మెర్సీ బటన్ వదిలింది.

గరగరలోంచి ఇంగ్లిషులో ఓ గొంతు: అక్కడ ఎవరైనా ఉన్నారా?

మెర్సీ మళ్లీ నొక్కి, తెలుగులోనే, "ఉన్నం సార్, అందరం ఈడనే ఉన్నం," అని వెంటనే వదిలేసింది. అప్పటికే గరగర తప్ప ఏమీ లేదు.

అత్తమ్మ ఇప్పటికీ అన్నం తింటూ తింటూ ఆగుతుంది.

"ఆయన ఇన్నడంటవా?"