రాని జ్వరం

ఆ రోజుల్లో మా ధారూర్‌లో బడి ఎగ్గొట్టడం అంత తేలిక కాదు. హాజరు పలకకపోతే సారు వెంటనే ఇద్దరు పిల్లల్ని ఇంటికి తోలేవారు. వాళ్లు గుమ్మంలో నిలబడి "సార్ రమ్మంటుండు" అనేసరికి నా కడుపునొప్పి దానంతటదే తగ్గిపోయేది. అదంతా పీడ అనుకునేదాన్ని. వికారాబాద్‌లో ఇంటర్‌లో చేరాక గానీ ఆ పీడ విలువ తెలిసిరాలేదు.

మొదటి రోజు లెక్చరర్ రాగానే అలవాటుకొద్దీ లేచి, రాగం తీసి నమస్తే చెప్పాను. లేచింది నేనొక్కదాన్నే. (ఆయన కూడా కాస్త జడుసుకున్నట్టున్నారు.) మంచినీళ్లకు వెళ్లొచ్చా అని అడిగితే, వెళ్లమ్మా, ఎవరాపారు అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత నా పేరు కూడా పోయి నలభై రెండు అనే నంబరు మిగిలింది. నా పక్కన కూర్చునే తాండూరు పిల్లదీ నాదీ రైలు ఒకటే, పెట్టెలు వేరు. ఆ పిల్ల పుస్తకంలోంచి తలెత్తేది కాదు. అంతమంది మధ్య ఒంటరిదాన్నైపోయి, మధ్యాహ్నాలు టిఫిన్ డబ్బాతో మాట్లాడే స్థితికి వచ్చాను.

అందుకే ఒక ఉపాయం పన్నాను. జ్వరమని దుప్పటి కప్పుకుని ఇంట్లో పడుకుంటే కాలేజీ నుంచి ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారని. (రైలెక్కి మరీ వస్తారని ఎలా అనుకున్నానో ఆ దేవుడికే తెలియాలి.) వాకిట్లో చప్పుడైతే చాలు, మూలగడం మొదలుపెట్టేదాన్ని. తీరా చూస్తే మా మేకపిల్ల. మూడో రోజు అమ్మ మేకల్ని తోలుకుపోతూ నా నుదురు ముట్టి చూసింది.

"జ్వరం లేదు, ఏం లేదు. ఎవలి కోసం సూస్తున్నవ్ బిడ్డా?" అంది. దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను.

మర్నాడు వెళ్లి, మూడు రోజులు జ్వరంతో రాలేకపోయానని లెక్చరర్‌కు విన్నవించుకున్నాను. ఆయన హాజరు చూసి, వచ్చావు కదమ్మా అన్నారు. నేను రాకపోయినా నలభై రెండు వచ్చిందన్నమాట. ఉన్నా లేకున్నా ఒకటేనని తేలిపోయి బెంచీ మీద కూలబడ్డాను. తాండూరు పిల్ల పుస్తకంలోంచి తలెత్తకుండానే మెల్లగా అంది.

"నేనే పలికిన. ధారూర్‌ల నువ్వు ఎక్కలె గద. రోజూ కిటికీలకెల్లి సూస్త. పానం మంచిగ లేదేమో అనుకున్న. జర తగ్గిందా?"

తగ్గిందన్నాను. ఆ సాయంత్రం తాండూరు పిల్ల ఎక్కిన పెట్టెలోనే ఎక్కాను.

ఇప్పుడు నేనూ లెక్చరర్నే. హాజరు పిలుస్తుంటే ఒకే గొంతు రెండు నంబర్లకు పలుకుతుంది. కోప్పడాలి, నిజమే. కానీ దుప్పటి కింద చెవులు రిక్కించుకున్న పిల్ల గుర్తొచ్చి, నవ్వాపుకుని తర్వాతి నంబరు పిలుస్తాను.