గాలి పలచబడిన మధ్యాహ్నం

మొన్న టీవీలో అంగారకుడి మీద ఎగిరిన బుల్లి హెలికాప్టర్‌ని మళ్ళీ చూపిస్తుంటే, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను. అక్కడి గాలి మరీ పలచనట. అందుకని అంత తేలికైన యంత్రానికి కూడా పొడవాటి రెక్కలు పెట్టి, ఇక్కడ తిప్పే దానికంటే ఎన్నో రెట్లు వేగంగా తిప్పాల్సి వచ్చిందట. టీవీలో వార్త చెప్పే అమ్మాయి ‘పలచని గాలి’ అన్నప్పుడల్లా నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. డెబ్భైల్లో, నా పెళ్ళయిన ఏడాది, రామచంద్రపురం దగ్గర మా అత్తవారి ఊళ్ళో ఆ మాట మీదే ఒక మనిషి ప్రాణం వేలాడింది.

అంగారకుడికీ నాకూ పాత పరిచయం. నా జాతకంలో కుజదోషం ఉందని వచ్చిన సంబంధాలన్నీ వచ్చిన దారినే పోయాయి. చివరికి మా మామగారు “పిల్ల బియస్సీ చదివింది, కుజుణ్ణి అదే చూసుకుంటుంది” అని చేసుకున్నారు. మా అత్తగారి అక్క మాత్రం ఒప్పుకోలేదు. పాలు విరిగినా, గేదె తన్నినా నా వంకే చూసేది. ఆ ఏడాదే చేలకి సుడిదోమ పట్టింది. ఈనిక మీదుండి అప్పుడే కంకి తీస్తున్న వరి అక్కడక్కడ గుండ్రంగా, నిప్పు పెట్టినట్టు ఎండిపోతూ, ఆ సుడులు రోజురోజుకీ పెద్దవవుతున్నాయి. ఊరికి పెద్దగా మామగారే తిరిగి తిరిగి, విమానంతో మందు కొట్టించే ఏర్పాటు చేశారు. పశువుల బీడు చదును చేసి విమానం పరిగెత్తడానికి దారి వేశారు. దానికి ఆ చివర కాలవ గట్టు, గట్టు మీద వరసగా తాడిచెట్లు.

పైలట్‌గారిది విశాఖపట్నం. మా ఇంట్లోనే దిగారు. సన్నగా, తక్కువ మాటలతో ఉండే మనిషి, కానీ అన్నం ముందు కూర్చుంటే గ్రహాలన్నీ తిప్పి తీసుకొచ్చేవారు. శుక్రుడి మీద గాలి ఎంత చిక్కనంటే అక్కడ దిగిన యంత్రాలు ఆ బరువుకీ వేడికీ ఎక్కువసేపు బతకవనీ, అంగారకుడి మీద తన విమానం రోజంతా పరిగెత్తినా నేల వదలదనీ చెప్పేవారు. మా మామగారికి శుక్రుడంటే మూఢమి, కుజుడంటే దోషం, అంతకు మించి తెలియదు. అయినా పులుసు కలుపుకోవడం ఆపి మరీ వినేవారు.

మూడు రోజులు పొద్దుటిపూట చల్లగాలిలో సజావుగా సాగింది. నాలుగోనాడు పొగమంచు పట్టి పొద్దున్నంతా విమానం కదల్లేదు. మంచు విడేసరికి రేడియోలో వాయుగుండం కబురు వచ్చింది, సాయంత్రానికి వాన అని. తడిస్తే మందు నిలవదు. ఇంకా సగం ఊరి చేలు మిగిలే ఉన్నాయి, మావి కూడా. ఊరంతా బీట్లోనే ఉంది. నేను మజ్జిగ బిందెతో వెళ్ళాను. ఉక్కపోత, ఆకు కదలడం లేదు.

పైలట్‌గారు ఆకాశం చూసి, “సగం ట్యాంకు మందే ఎత్తుతానండి” అన్నారు. “గాలి పల్చబడిపోయిందండి. పైగా రెక్కల్ని లేపడానికి ఎదురుగాలి కూడా లేదు.”

మామగారికి కోపం వచ్చింది. “గాలి పల్చబడ్డం ఏంటండి, అదేవన్నా మజ్జిగా? సగం ట్యాంకుతో తిరిగితే వానలోపల ఎన్ని చేలవుతాయండి?”

వెనకనుంచి ఎవరో, “భయవైతే భయవని చెప్పెయ్యమనండి” అన్నారు. పైలట్‌గారి మొహం ఎర్రబడింది. “సరే, నింపెయ్యండి” అని విమానం వైపు నడిచారు. మామగారికి ఏదో తోచినట్టుంది, నింపేవాళ్ళని చెయ్యెత్తి ఆపి, అంతమందిలో నా వైపు తిరిగారు.

“అమ్మాయ్, నువ్వు చదూకున్నావు కదా. ఆయన చెప్పింది నిజవేనా?”

కొత్త కోడలు అంతమంది మగవాళ్ళ మధ్య నోరు విప్పడమే తప్పు. అందులోనూ మామగారి మాట కాదనడం. నిజం కాదంటే పైలట్‌గారు నిండు ట్యాంకుతో ఎగురుతారు. అవునంటే చేలు పోతాయి, అవి పోతే ఆ పాపం ఎవరి జాతకానికి చుట్టుకుంటుందో నాకు తెలుసు. బిందె కింద పెట్టాను.

“నిజవేనండి మావయ్యగారూ. వేడెక్కితే గాలి పల్చబడుద్దండి. వాయుగుండం ముందు గాలి ఒత్తిడి కూడా తగ్గుద్దండి. ఆ గాలి అంత బరువు మొయ్యలేదండి.”

మామగారు నన్ను చూశారు, గట్టు మీది తాడిచెట్లను చూశారు. “సగవే పొయ్యండి. మన చేను ఆఖర్న పెట్టండి” అన్నారు.

విమానం దుమ్ము లేపుకుంటూ బయల్దేరింది. పొద్దుటిపూట నేల వదిలే చోటు దాటిపోయింది, ఇంకా వదల్లేదు. ఎవరో ఆడమనిషి “అమ్మో” అంది. తాడిచెట్లు దగ్గరికొచ్చేస్తుంటే నేను బిందె అంచు పట్టుకుని నిలబడ్డాను. చివర్లో చక్రాలు లేచాయి. తాటాకులు రెపరెపలాడాయి, ఒక ఆకు విరిగి కాలవలో పడింది. సగం బరువుతోనే! భయమన్న మనిషి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. మామగారు నా దగ్గరికొచ్చి, మజ్జిగ అడిగి తాగి, “గాలి పల్చగానే ఉందే” అన్నారు.

మా చేను వంతు రాకముందే వాన వచ్చింది. వారం తిరిగేసరికి చేనంతా గోధుమ రంగుకు తిరిగిపోయింది. అత్తగారి అక్క గుమ్మంలో నిలబడి, “చూశారా, కుజుడు ఊరికే పోతాడా?” అంది. నేను వంటింట్లో కళ్ళు తుడుచుకుంటున్నాను.

మామగారు వసారాలోంచే, “ఆ కుజుడేనమ్మా, ఆ పైలట్‌గార్ని ప్రాణాలతో ఇంటికి పంపింది” అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో నా జాతకం ఊసు ఎవరూ ఎత్తలేదు.

మామగారు పోయి చాలాకాలమైంది. అంగారకుడి మీద రెక్కలు తిరగడం చూసి ఉంటే ఆయన ఏమనేవారో అనుకుంటూ టీవీ కట్టేశాను. ఆ పొలంలో ఎన్ని పంటలు పండాయో నాకు గుర్తు లేదు. పండిన ఏళ్ళన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, ఎండిపోయిన ఆ ఒక్క ఏడాదే విడిగా నిలిచిపోయింది.