గమ్ వారి సరుకు

మా ముత్తాత గోదావరి జిల్లాలో మునసబు. ఆయన ఎదుట కుర్చీలో కూర్చునే చొరవ ఊళ్లో ఇద్దరు ముగ్గురికి మించి ఉండేది కాదు. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, సికింద్రాబాదు వచ్చి మౌలాలిలో మిల్లు పెట్టారు. నూలు మిల్లుల్లో పడుగుకు గంజి పెట్టడానికి కావలసిన జిగురు సరఫరా చేశారు. తరవాత అదే సరుకు ఓడలెక్కింది. వర్తక సంఘానికి ఆయన చాలాకాలం అధ్యక్షులు. వ్యాగన్ల విషయం మాట్లాడాలంటే లాలాగూడ రైల్వే అధికారులు ఆయన్ని పిలిపించేవారు కాదు, తామే మా ఇంటికి వచ్చేవారు. నాన్నగారి కాలానికి ఆ రాకపోకలు తగ్గాయి గాని పేరు తగ్గలేదు. పద్మారావు నగర్‌లో పాతవాళ్లు ఇప్పటికీ మాది గమ్ వారి ఇల్లనే చెబుతారు. మా అసలు ఇంటిపేరు వాళ్లలో చాలామందికి తెలియదు.

చింతగింజలను వేయించి, పొట్టు తీసి, లోపలి పప్పును మెత్తగా మర ఆడించి జల్లెడ పడితే మా సరుకు తయారవుతుంది. నీళ్లలో కలిపి కాస్తే చిక్కటి జిగురవుతుంది. బస్తాల మీద, బిల్లుల మీద, మిల్లు గేటు మీద తాతగారు ‘టామరిండ్ గమ్’ అనే రాయించారు. దాన్ని పిండి అనకూడదు. మిల్లులో ఎవరైనా నోరుజారి అంటే మందలింపు తప్పదు. ఇంట్లో మురుకులకు బియ్యం పట్టించాలన్నా వీధి చివరి పిండి గిర్నీకి వంటమనిషే వెళ్లేది, మా ఇంటివాళ్లెవరూ ఆ గుమ్మం ఎక్కలేదు. ఇందులో నాకెప్పుడూ వింత కనిపించలేదు. పిండి మర వాళ్లు వేరు, మేము వేరు.

మిల్లు నా చేతికి వచ్చేసరికి నూలు మిల్లులు వేరే జిగుర్లకు మారిపోయాయి. సాస్‌లు, పళ్ల గుజ్జులు చిక్కబడటానికి మా సరుకు వాడే విదేశీ కంపెనీ ఒక్కటే మిగిలింది. వాళ్లు మానేస్తే మిల్లు మూతే. నిరుడు వాళ్లకు వెళ్లవలసిన కంటైనర్ కస్టమ్స్‌లో ఆగిపోయింది.

మా ఎగుమతి కాగితాలు చూసే ఏజెంటుది లాలాగూడ. ఆయన ఫోన్ చేశాడు. “సార్, జెర పరేషాన్ అయితున్నది. కొత్తగ వచ్చిన మేడమ్ శాంపిల్ తీపిచ్చింది. గిది గమ్ కాదంటున్నది.”

కల్తీ అంటున్నారా అని గట్టిగానే అడిగాను. మా మిల్లు నుంచి కల్తీ గింజ ఒక్కటి బయటికి పోలేదని ఎవరి ముందైనా చెప్పగలను.

“కల్తీ గిల్తీ ఏం లేదు సార్. సరుకు సాఫ్ ఉన్నది. పేరే తప్పంట.”

మా ఇంట్లో కస్టమ్స్ ఆఫీసు గడప తొక్కిన మొదటివాణ్ని నేనే. ఆ అధికారిణి వయసులో చిన్నది, మర్యాద తెలిసినది. కూర్చోమని, టీ తెప్పించి, తీరిగ్గా చెప్పింది. దేశం దాటే ప్రతి సరుకుకూ సుంకాల పట్టికలో ఒక అధ్యాయం, ఒక అంకె ఉంటాయి. జిగుర్లన్నీ పదమూడో అధ్యాయం. అందులో మొదటి పద్దు చెట్టు తనంతట తాను కార్చే వాటికి: తుమ్మబంక, తపసి బంక, ఇంగువ లాంటివి. గింజల నుంచి మనుషులు తయారుచేసుకునే జిగుర్లు రెండో పద్దు. తాతగారి కాలం నుంచి మేము మొదటి పద్దు కిందే పంపుతున్నాం.

“మీ సరుకు చెట్టు నుంచి కారుతుందాండీ?” అని అడిగింది.

గింజ నుంచి తీస్తామన్నాను. ఎలా తీస్తారంది. వేయిస్తాం, పొట్టు తీస్తాం, మర... అంటూ ఆగిపోయాను. నా నోటి మాట నాకే వినపడింది.

పక్కనున్న ఏజెంటు వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు. “చింతచెట్టుకు బంక కారంగ నేనైతే చూడలె సార్. మీరు చూసిన్రా?”

ఆమె నవ్వు ఆపుకుని కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. పట్టికకు రాసిన వివరణ అది. గోరుచిక్కుడు గింజల జిగురుకు కాస్త దిగువన చింతగింజ కనిపించింది. ప్రపంచం మొత్తానికీ రాసిన పట్టికలో మా సరుకు ఉందని ఒక్క క్షణం గర్వపడ్డాను. తరవాత ఆ వాక్యం మొదటి మాట చూశాను. పిండి. ఇంగ్లీషులో రాసినా అది పిండే. చింతగింజ పప్పు నుంచి తీసిన పిండి.

“మీకిక్కడ చోటుందండీ. కాకపోతే ఈ పేరుతోనే రావాలి” అంది.

ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదే అన్నాను. అడగవలసిందండీ అంది. కాగితాలు సవరించాలి, సరుకు ఫలానా పిండి అని భాగస్వాములందరూ సంతకాలు చేసిన ఉత్తరం ఇవ్వాలి, అప్పుడు కంటైనర్ వదిలేస్తారు. కారు ఎక్కిన తరవాత ఇంటికి ఏ దారిన వచ్చానో ఇప్పటికీ గుర్తు లేదు.

భాగస్వాములం ఇద్దరమే, నేనూ మా మేనత్తా. ఆమె తాతగారి పెద్దకూతురు, మా ఇంటి మేడమీద ఉంటుంది. పెళ్లి కాలేదు. ఒక సంబంధం తాంబూలాల దాకా వచ్చింది. ఆ రోజు పెళ్లికొడుకు పెదనాన్న మాటల మధ్య “ఓహో, మీరు పిండి మర వారా” అన్నాడట. తాతగారు లేచి నిలబడి, తాంబూలం ఇవ్వకుండానే వాళ్లని పంపేశారు. తరవాత వచ్చిన సంబంధాలేవీ ఆయనకు ఆనలేదు. మా ఇంట్లో ఇది తాతగారి ఆత్మాభిమానం కథ. నేనూ నా పిల్లలకు అలాగే చెప్పాను.

ఉత్తరం అత్తయ్య చేతికిచ్చాను. కళ్లద్దాలు సర్దుకుని చూసి, “అక్షరాలు అలుక్కుపోతున్నాయిరా, నువ్వే చెప్పు” అంది.

“మన సరుకు చింతగింజల పిండి అని రాశాం అత్తయ్యా.”

“ఎవరు రాయమన్నారు?”

“గవర్నమెంటు వాళ్లు. ఇక్కడివాళ్లే కాదు, అన్ని దేశాలవాళ్లూ కలిసి రాసుకున్న మాటట.”

ఆమె కాగితం ఒళ్లో పెట్టుకుంది. “అయితే ఆ పెద్దాయన తప్పేమన్నాడురా?”

తాతగారి పరువు, ఆ రోజుల తీరు, ఏవేవో చెప్పబోయాను. ఆమె కలం అందుకుంది.

“అబ్బాయి బాగుండేవాడు” అంది. ఆ మనిషి గురించి ఆమె నోట ఒక్క మాట నేను అంతకు ముందు వినలేదు. పూర్తి పేరు నెమ్మదిగా రాసి, “ఇంకెక్కడైనా పెట్టాలా?” అని అడిగింది.

కంటైనర్ వెళ్లింది. సవరించిన కాగితాలు చూసి ఆ కంపెనీవాళ్లు మెయిల్ పంపారు. ఇంతకాలం మాది శుద్ధిచేసిన జిగురనుకున్నామని, పిండే అయితే తమకు దగ్గరలోనే దొరుకుతుందని, ఇన్నేళ్ల సంబంధానికి కృతజ్ఞతలని. ఏజెంటు నన్ను ఓదార్చడానికి ఇంటికి వచ్చాడు. “గా మేడమ్ ఇంకో రెండేండ్లు వేరే దిక్కు పనిజేసినా మంచిగుంటుండె సార్” అన్నాడు. ఆమె తప్పేమీ లేదని చెప్పి పంపించాను.

సరుకులో మేము ఎవరినీ మోసం చెయ్యలేదు. పంపిన ప్రతి బస్తాలోనూ ఉండవలసిందే ఉంది. నన్ను ఈనాటికీ కుదురుగా ఉండనివ్వనిది ఇంకొకటి. తాతగారు ఆ మర పక్కనే నిలబడి పని చేయించిన మనిషి. తెల్లటి పొడి ఆయన చేతుల మీద పడేది. అది ఏమిటో ఆయనకు తెలియకపోవడం సాధ్యమా? తెలిసే కూతురి తాంబూలాలు ఆపేశారా? అడగడానికి ఇప్పుడెవరూ లేరు. అత్తయ్యను అడిగే ధైర్యం నాకు లేదు.

మౌలాలిలోని మిల్లు స్థలాన్ని ఈ వేసవిలో ఒక టైల్స్ వ్యాపారికి అమ్మేశాం. వేయించే డ్రమ్ములు, మరలు, జల్లెడలు పాత ఇనుము కింద పోయాయి.